అమ్మ చెవి

ఇందుమతి కుడి చెవి కదులుతుందని మొట్టమొదట కనిపెట్టింది ఏ శాస్త్రవేత్తా కాదు, ఆమె కూతురు లాస్య. అప్పటికి దానికి ఐదేళ్ళు. తల్లి పోపు వేస్తుంటే వెనక పీట మీద కూర్చుని, వినపడీ వినపడనట్టు "అమ్మా" అంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఇందుమతి తిరగలేదు, పలకలేదు. పిల్ల పిలిచిన సంగతే ఆమెకు తెలియదు. కానీ జడ పక్కన చెవి మాత్రం, ఈగ వాలినప్పుడు ఆవు కదిపినట్టు, చిన్నగా వెనక్కి కదిలింది.

"మామ్మా, అమ్మ చెవి పలికింది!" అని లాస్య గెంతింది.

ఇక అదే ఆట. తలుపు చాటునుంచి, దుప్పట్లోంచి, స్కూటర్ వెనక సీటు మీంచి పిలిచేది. ఎంత మెల్లిగా పిలిచినా నోటికంటే ముందు చెవి పలికేది. పిల్ల ఆ చెవికి అంటుకుని పడుకునేది. తల్లికి జ్వరం వచ్చి మంచం మీద ఉన్నప్పుడు కూడా, అమ్మ బాగానే ఉందా లేదా అన్నది దానికి ఆ చెవే చెప్పాలి.

ఇంకొకరైతే నవ్వుకుని ఊరుకునేవారు. ఇందుమతి నరాల్లో పారే విద్యుత్తు మీద పరిశోధన చేసిన మనిషి, ఊరుకుంటుందా? మర్నాడే విశాఖలోని తన ప్రయోగశాలలో చెవి వెనక రెండు తీగలు అంటించుకుని, తన దగ్గర పనిచేసే కృపానందం చేత పేరు పెట్టి పిలిపించుకుంది. తెర మీద గీత ఎగిరింది. తర్వాత కృపానందం అంటించుకున్నాడు. వాడి చెవి రాయిలా ఉంది, కదల్లేదు. గీత మాత్రం ఎగిరింది, ఇంకో తీరులో.

"మనుషులందరికీ ఉన్నట్టుంది మేడమ్ ఇది. పైకి కనపడదంతే," అన్నాడు వాడు.

అదే సంగతి. కుక్కకీ ఆవుకీ చెవి తిప్పే కండరాలు మనిషికీ మిగిలాయి. వాటికి పని లేదు గాని జ్ఞాపకం ఉంది. మనల్ని మనవాళ్ళు పిలిచే పిలుపు చెవిన పడితే చాలు, మనం పలకాలనుకునే లోపే అక్కడ ఒక వణుకు పుడుతుంది. ఏ చెవి ముందు, ఎంత జోరుగా, ఎన్ని అలలుగా అన్నది ఒకరిది ఇంకొకరికి రాదు. వేలిముద్రని మైనంలో అచ్చు తీయొచ్చు, మొహాన్ని ఫోటోలో చూపించి మోసం చెయ్యొచ్చు. చేస్తున్నట్టు తనకే తెలియని పనిని ఇంకొకడు ఎలా దొంగిలిస్తాడు? అలా అనుకున్నారు పాపం.

అదృష్టం ఎదురొచ్చినట్టు, సరిగ్గా ఆ ఏడే కొత్త గుర్తింపు పద్ధతులను పరీక్షించడానికి సర్కారు నిధులిస్తానంది. దాని కోసం ఒక మండలి పెట్టారు. మండలి సభ్యుడు దక్షిణామూర్తి గారు ప్రయోగశాలకు వచ్చి, చెవికి పట్టీ పెట్టించుకుని, వాళ్ళు తయారుచేసిన పెట్టె తనని "దక్షిణామూర్తీ" అని పిలవగానే పచ్చలైటు వెలగడం చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "పరీక్షకి ముందు సగం నిధులు, తనిఖీ అయ్యాక మిగతా సగం. జనంలో పెట్టి చూపించండమ్మా," అన్నాడు. పెట్టెకి 'పలుకు' అని పేరు పెట్టిందీ ఆయనే.

జనంలో పెట్టడం విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లు కార్మికుల కాలనీలో. నార పీకి పీకి వేళ్ళు నున్నబడిపోయినవాళ్ళు. పింఛను మిషను మీద ఏ వేలు పెట్టినా ఎర్రలైటే. అక్కడ పచ్చలైటు వెలిగితే ఎక్కడైనా వెలుగుతుంది.

మొదటి పూట పరువు పోయింది. మగవాళ్ళందరికీ పలికింది గాని, ముసలమ్మల్లో ఒక్కరికీ పలకలేదు. పెట్టె కార్డులో ఉన్నది ఉన్నట్టు "రెడ్డి పైడితల్లి" అని పిలుస్తుంది, పైడితల్లి ఎదురుగా కూర్చుని ఆ పైడితల్లి ఎవరో వస్తుందేమో అన్నట్టు గుమ్మం వైపు చూస్తుంది. కృపానందం తీగలు ఊడదీసి మళ్ళీ అంటించాడు. పట్టీలు మార్చాడు. అంతలో వీధిలోంచి ఎవరో అరిచారు.

"ఒలమ్మీ, కుళాయొచ్చేసిందే!"

బెంచీ మీద పట్టీలతో కూర్చున్న ఆడవాళ్ళందరి గీతలూ తెర మీద ఒక్కసారి లేచాయి. వాళ్ళూ లేచారు. పట్టీలు ఊడదీయకుండా బిందెల కోసం పరుగెత్తారు. వాళ్ళ వెనక కృపానందం పరుగెత్తాడు.

ఇందుమతి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే అర్థం చేసుకుంది. వీళ్ళని కార్డులో పేరుతో పిలిచిన మనిషి లేడు. కార్డులో పేరు కార్డుకే, ఇంట్లో పిలుపు వేరు. ఇంత చదువుకున్నవాళ్ళు కలిసి రూపాయి ఖర్చు లేని ఆ సంగతి మర్చిపోయారు. ఆ మధ్యాహ్నం నుంచి "మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడగడం మొదలుపెట్టారు. అమ్మీ, గుంటా, ఏమే, పెద్దకోడలా. వందమందిని "ఏమే" అని పిలిచినా ఫరవాలేదు, పలికే తీరు ఎవరిది వారిదే. పచ్చలైట్లు వెలగసాగాయి.

పైడితల్లి దగ్గర మళ్ళీ ఆగింది.

"నన్నెవులూ పిలవరమ్మా. పిలిసినోడు ఎల్లిపోనాడు," అంది.

"ఆయన ఏమని పిలిచేవాడు?"

ముసలామె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏటని పిలుత్తాడు, పేరెట్టి పిలుత్తాడేటి? గుమ్మం కాడ ఓ దగ్గు దగ్గి, 'ఇదిగో' అనీవోడు."

ఆమె మరిది అసిరయ్య గొంతు అచ్చం అన్న గొంతేనని కాలనీ అంతా చెప్పింది. అతన్ని తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెడితే గిలగిల్లాడిపోయాడు. "వదిన్ని అలా పిలిసీడానికి నాకు నోరెలాగొస్తాదండీ బాబూ," అన్నాడు. చివరికి గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, దగ్గి, "ఇదిగో" అన్నాడు.

పచ్చలైటు వెలిగింది. పైడితల్లి చటుక్కున లేచి నిలబడి కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఆ తర్వాత చుట్టూ చూసి, మెల్లిగా కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

ఆ వారం కాలనీ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. ఆ మామ్మ పింఛను తీసుకున్నాక కూడా రోజూ వస్తోందట, పట్టీ పెట్టించుకుని పెట్టె ముందు కూర్చుంటోందట, ఒకసారి కాదు, పదేపదే. పొమ్మనమంటారా అని అడిగారు.

"రానివ్వండి. మనకీ కొలతలు పెరుగుతాయి," అంది ఇందుమతి. ఆ మాట అన్నప్పుడు దాన్లో దయ కూడా కొంత ఉందనే ఆమె అనుకుంది.

ఇటు ప్రయోగశాలలో ఇందుమతిది ఇంకో ఉద్యోగం. దుకాణంలో తూకం సరిచూసుకోవడానికి ఒక రాయి ఉన్నట్టు, పెట్టెలు సరిచూసుకోవడానికి ఒక మనిషి కావాలి. చెవి పైకి కూడా కదిలే మనిషి కంటే మంచి మనిషి ఎవరు దొరుకుతారు? పొద్దున్నే వచ్చి పట్టీ పెట్టుకుని కూర్చునేది. పెట్టెలన్నీ వరసగా "ఇందుమతీ" అనేవి. ఆమె కాఫీ తాగుతూ పేపరు చదువుకునేది. చెవి తన పని తాను చేసుకుపోయేది.

కొన్నాళ్ళకి ఆసుపత్రిలో టోకెన్ పిలిస్తే ఆమె లేవలేదు. మూడు నంబర్లు దాటాక నర్సు వచ్చి భుజం తట్టింది. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పాత స్నేహితురాలు బస్సులోంచి పేరు పెట్టి గొంతు చించుకుంటే తన దారిన తాను పోయింది. ఇంటికొచ్చి అది చెప్పి నవ్వింది. ఆ తర్వాత పెట్టెల మీద "ఇందుమతీ"కి ఎర్రలైట్లు రావడం మొదలయ్యాయి. కృపానందం గీతలు వరసగా పేర్చి చూపించాడు. కొండ అంత ఉన్న అల రానురాను సన్నబడి, చివరికి గీసిన గీతలా పడుకుంది.

"అరిగిపోయింది మేడమ్," అన్నాడు వాడు మెల్లిగా. "పిలిచినప్పుడల్లా ఒళ్ళు ఎవరో ఉన్నారని తిరుగుతోంది. ఎవరూ లేరు. ఎన్నిసార్లని తిరుగుతుంది?"

"పేరే కదా. ఇంట్లో పిలిచే పేరుంది నాకు," అంది ఇందుమతి.

ఇంట్లో పిలిచే పేరు 'బుల్లి'. అది పెట్టింది సింహాచలమ్మ. ఆవిడ ఇందుమతికి అత్తగారు, అంతకంటే ముందు మేనత్త. పుట్టినప్పుడు చేతుల్లోకి తీసుకుని పిలిచిన పిలుపునే కోడలయ్యాక కూడా పిలుస్తుంది. భర్త ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. అతనూ ఫోనులో బుల్లీ అనే అంటాడు. ఆ పిలుపుని పెట్టెలకిచ్చింది. అదీ అరిగింది.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఇందుమతి బాల్కనీలో బట్టలు తీస్తోంది. సింహాచలమ్మ వెనకనుంచి బుల్లీ అంది. మళ్ళీ అంది. మూడోసారి దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏటే, సెవుడొచ్చిందా?"

"విన్నాను అత్తా. ఏదో ఆలోచనలో..."

"ఇన్నావు గానీ పలకలేదు. నా సిన్నప్పుడు మా అమ్మ సెప్పీది. మాపటేల ఎనకనుంచి తెలిసిన గొంతుతో ఎవులైనా ఒక్కపాలి పిలిస్తే పలక్కూడదని. మనిసైతే మల్లీ పిలుత్తాడు. మనిసి కానిది ఒక్కపాలే పిలుత్తాది. పలికితే ఆ పలుకు అట్టుకుపోతాది. ఇంక ఎవులు పిలిసినా నీ కాడ పలుకుండదు." ఆవిడ కోడలి చెవి వైపు చూసింది. "నువ్వు సేసిన పెట్టి కూడా మనిసి కాదు గదే, బుల్లీ."

ఇందుమతి నవ్వి ఆ మాటని పెడచెవిన పెట్టింది. పెడచెవిన పెట్టడమన్నది ఆ రోజుల్లో ఆమెకు మహా సులువుగా ఉండేది.

లాస్య మాత్రం పరీక్ష మానలేదు. ఆ రాత్రి అన్నాలు తింటుంటే కంచం మీదికి వంగి, పెదాలు కదిలీ కదలకుండా "అమ్మా" అంది. చెవి చెంగున కదిలింది. "పలికింది!" అని అది పెరుగన్నం మింగింది. తన దగ్గర ఇంకా మిగిలి ఉన్నది అదొక్కటేనన్న సంగతి ఇందుమతి ఆ పూట మొదటిసారి మనసులో అనుకుంది.

తనిఖీ దగ్గరపడుతున్న రోజుల్లో పైడితల్లి ప్రయోగశాలకు వచ్చింది. అసిరయ్య తోడొచ్చాడు. ఆమె కేంద్రంలో కూర్చుంటే కొన్నాళ్ళుగా ఎర్రలైటు వస్తోందని ఇందుమతికి తెలుసు. పింఛను ఆగిందేమోనని గబగబా చెప్పబోయింది. "మీ పింఛను పాత పద్ధతిలో ఇచ్చేలా నేను మాట్లాడతానమ్మా, మీరేం బెంగ..."

"పింఛను గురించి కాదు తల్లీ." ముసలామె కుర్చీలో కూర్చోలేదు, నిలబడే ఉంది. "మా ముసిలోడు పోయినా గానీ, రోజూ పొద్దోయేలకి దీపం ఎట్టినప్పుడు గుమ్మంకాడ ఇనపడీవోడు. దగ్గి, ఇదిగో అనీవోడు. నాను పైకి ఎవులికీ సెప్పలేదు, ఎర్రిదాన్నంటారని. ఆయన పోయి శానా కాలమైనా ఒక్క రోజు మానలేదు. నాను లేసి గుమ్మంకాడికి ఎల్లీదాన్ని. ఎవులూ ఉండరు. ఉండరని తెల్సు. ఐనా ఎల్లీదాన్ని."

ఇందుమతి కుర్చీని ఆమె దగ్గరికి జరిపింది.

"ఇప్పుడు ఇనపడ్డం లేదమ్మా. దీపం ఎట్టేసి కూకుంటన్నాను. ఇల్లు గమ్మునుంటాది. మీ పెట్టి ఎన్ని పాల్లు పిలిసిందో అన్ని పాల్లూ నానే ఎల్లి కూకున్నాను, నీ తప్పు కాదు. ఆసపడ్డాను. ఆ పెట్టిలోకి ఎల్లిపోనాదేమో సూడు. ఉంటే తిరిగిచ్చీ." గుమ్మం వైపు తిరిగింది. "సచ్చినోడు మల్లీ సచ్చిపోనాడమ్మా."

అసిరయ్య ముందుకొచ్చి, "వదినా, ఇదిగో, పద..." అన్నాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు. అన్న గొంతే, అన్న మాటే. పైడితల్లి అతనివైపు చూసి, ఏ కదలికా లేని మొహంతో బయటికి నడిచింది.

ఆ రోజు ఇందుమతి భోజనం డబ్బా మూత తియ్యలేదు. తెర మీద పైడితల్లి గీతలు చూస్తూ కూర్చుంది. కేంద్రంలో ఆమె మొదటి రోజు వణుకు అక్కడ భద్రంగా ఉంది. దాన్ని మళ్ళీ మనిషిలో పెట్టే యంత్రం మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. ఈ సంగతంతా మండలికి రాసేద్దామనుకుంది. రాస్తే మిగతా సగం రాదు. ప్రయోగశాల మూతపడుతుంది. కృపానందం, ఇంకో ఐదుగురు ఇంటికి పోతారు. తనిఖీ కానీ, తర్వాత పిలుపు అరక్కుండా ఏదో ఒక దారి కనిపెట్టవచ్చు. నిధులుంటేనే కదా కనిపెట్టేది? ఈ లెక్కలో తప్పు పట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

కానీ తనిఖీకి తూకపు రాయి కావాలి. మండలి వాళ్ళు కొత్త పెట్టెలన్నిటినీ ఒకే మనిషి మీద పరీక్షించి చూస్తారు. కొత్త మనిషిని తయారు చేసే వ్యవధి లేదు.

"మీ దగ్గర ఇంకే పిలుపైనా ఉందా మేడమ్?" అని అడిగాడు కృపానందం. "ఈ ఒక్కసారికే. మీ జవాబుని నమూనాగా పెట్టెల్లోనే దాచేస్తాను. ఇకమీదట పిలుపు వినపడగానే పెట్టె ఆ నమూనాతో తనని తానే సరిచూసుకుంటుంది. పట్టీ అక్కర్లేదు, మీరు పక్కన ఉండక్కర్లేదు. మీ బదులు మీ జవాబు ఊళ్ళు తిరుగుతుంది," అన్నాడు. వాడు మంచివాడే. ఆమె శ్రమ తగ్గించాలనే వాడి తాపత్రయం.

ఆ సాయంత్రం ఇందుమతి లాస్యని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోను ముందు పెట్టింది. "అమ్మా అను నాన్నా. మెల్లిగా ఒకసారి, గట్టిగా ఒకసారి." అది కొత్త ఆట అనుకుని రకరకాలుగా పిలిచింది. ఆకలేసినట్టు, భయమేసినట్టు, గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చినట్టు. ప్రతిసారీ మెడ చాచి చెవి చూసింది. ప్రతిసారీ చెవి పలికింది.

పిల్ల ఇంట్లో ఉంది, పెట్టెలో ఉన్నది దాని గొంతు మాత్రమే, ఆ తేడా ఒంటికి తెలియదా అనుకుంది ఇందుమతి. తెలియదన్నదాని మీదే తన పెట్టె నిలబడి ఉందన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? వచ్చింది. పక్కన పెట్టింది.

రెండు రోజులు ప్రయోగశాలలో లాస్య గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు. పెట్టె వెనక పెట్టె "అమ్మా" అంది. ఆకలిగా అంది, భయంగా అంది, పరుగెత్తుకొచ్చినట్టు అంది. ఇందుమతి కాఫీ తాగలేదు, పేపరు చదవలేదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. మొదట్లో ప్రతి పిలుపుకీ ఒళ్ళు లేవబోయేది, రొమ్ముల్లో పాలు దిగినట్టు కూడా అనిపించేది. తర్వాత లేవబోవడం ఆగింది. ఆ తర్వాత ఆమెకు గోడమీద గడియారం చప్పుడు వినపడసాగింది. అన్ని పెట్టెలకూ నమూనా చేరిందని కృపానందం చెప్పినప్పుడు, పని అయిపోయిందని ఆమె సంతోషించింది కూడా.

తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది.

ఆ వారమే ఇందుమతి స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. గంట కొట్టారు. పిల్లలంతా ఒక్కసారిగా బయటికొచ్చి "అమ్మా, అమ్మా" అని అరుస్తున్నారు. అంత గోలలోనూ ఒక్కొక్క తల్లి తల ఒక్కొక్క పిలుపుకి ఠక్కున తిరుగుతోంది. ఇందుమతి వాళ్ళని చూస్తూ, ఎంత వింత అనుకుంది. ఎలా తెలుస్తుంది వీళ్ళకి? అంతలో ఎవరో చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగారు.

లాస్య. ఆయాసపడుతోంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని ఏడవడం లేదు.

"మూడుసార్లు పిలిచా," అంది. "మనిషైతే మళ్ళీ పిలుస్తారని మామ్మ చెప్పింది కదా. నేను మళ్ళీ మళ్ళీ పిలిచా. నేను మనిషినేనమ్మా."

ఇందుమతి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పిల్లని గుండెలకు హత్తుకుంది. ప్రేమ ఎక్కడికీ పోలేదు, గొంతు దాకా ఉంది. ఊపిరాడనంత ఉంది. కానీ లాస్య ఆమె భుజం మీంచి మెడ చాచి, చెవి పక్కన పెదాలు పెట్టి, అందరికంటే మెల్లిగా పిలిచే పిలుపు పిలిచింది. పిలిచి, చూసింది. చాలాసేపు చూసింది. ఆమె వీపు మీద ఆ చిన్న చెయ్యి పట్టు సడలడం ఇందుమతికి తెలిసింది.

ఇంటి దగ్గర ఏడుస్తూ సింహాచలమ్మతో చెప్పింది. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఇందుమతికి అనిపించింది. ఆవిడ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, చెవి నిమురుతూ, "పిలుత్తూ ఉంటాం. మేం మనుసులం గదా," అంది. ఆ ఇంట్లో అప్పట్నుంచి అందరూ ఇందుమతిని మూడుసార్లు పిలవడం అలవాటు చేసుకున్నారు. ఆమె మూడోసారికి గుర్తు తెచ్చుకుని తిరిగేది. తిరిగి నవ్వేది. నవ్వులో ఏ లోటూ ఉండేది కాదు, కానీ లాస్య ఆ నవ్వుని ఎవరో చుట్టాలావిడ నవ్వుని చూసినట్టు చూసేది. పిలిచి చూడడం క్రమంగా మానేసింది. పీట తెచ్చుకుని వంటింట్లో కూర్చోవడం కూడా మానేసింది.

మిగతా సగం నిధులు విడుదలైన రోజున ప్రయోగశాలలో చిన్న సభ పెట్టారు. మధ్యాహ్నం పూట, సమోసాలు, టీ, పూలగుత్తులు. దక్షిణామూర్తి గారు మాట్లాడుతూ, వచ్చే ఏడు బడిపిల్లల హాజరుకి కూడా ఈ పెట్టెనే పెడతామన్నారు. ఇందుమతికి శాలువా కప్పారు. సింహాచలమ్మ లాస్యని స్కూలు నుంచి తీసుకొచ్చి వెనక కుర్చీలో కూర్చుంది.

సభ అయ్యాక అందరూ టీలు తాగుతూ నిలబడ్డారు. ఇందుమతి బల్లకి వీపు పెట్టి ఎవరితోనో మాట్లాడుతోంది. బల్ల మీద పూలమధ్య ఒక కొత్త పెట్టె ఉంది. దక్షిణామూర్తి గారికి పిల్లలంటే ఇష్టం. లాస్యని దగ్గరికి పిలిచి, "ఇది మీ అమ్మ చేసిన పెట్టె తెలుసా? ఏదీ, దీన్ని 'అమ్మా' అని పిలువు," అన్నాడు.

లాస్య పెట్టె వైపు అనుమానంగా చూసింది. తల్లి వీపు వైపు చూసింది. ఆ చెవి ఇక్కణ్ణించి బాగా కనపడుతోంది, కొత్త జుంకీ పెట్టుకుంది.

"అమ్మా," అంది.

పెట్టెలో పచ్చలైటు వెలిగింది. "గుర్తించాను," అంది పెట్టె.

చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని ఇందుమతి వెనక్కి తిరిగింది. ఏమైందో ఆమెకు క్షణంలో అర్థమైంది. నమూనా. పెట్టెలో దాచిన తన జవాబు. కృపానందం టీ గ్లాసు పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు.

"లాస్యా!" అంది ఇందుమతి.

ఆ పేరు ఇంకా సగం నోట్లో ఉండగానే లాస్య తల తిరిగింది. ఎంత చప్పున తిరిగిందంటే జడకుచ్చులు ఎగిరి మెడకి కొట్టుకున్నాయి. పిలిస్తే పలకడమంటే ఏమిటో, దాన్ని పోగొట్టుకున్న మనిషి అంత దగ్గరగా చూసింది. "ఇలా రా నాన్నా, దాన్ని వదిలెయ్," అని చేతులు చాచింది.

లాస్య ఆమెను చూసింది. చాచిన చేతులని, శాలువాని, జుంకీ పెట్టిన కదలని చెవిని చూసింది. నెమ్మదిగా మళ్ళీ పెట్టె వైపు తిరిగింది. బల్ల మీద రెండు మోచేతులూ ఆన్చి, పూలు పక్కకి జరిపి, ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు దాని దగ్గరగా వంగింది. పోపు చిటపటల్లో పిలిచినట్టు, కంచం మీద వంగి పిలిచినట్టు, పెదాలు కదిలీ కదలకుండా పిలిచింది.

"అమ్మా."

పచ్చలైటు వెలిగింది.

పిల్ల మొహం విప్పారింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. పెట్టె అంచుని వేళ్ళతో పట్టుకుని, "ఇక్కడున్నావా," అంది. "ఇంటికి పోదాం, రామ్మా."